విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా డ్రామా పేపర్‌లో డ్రామా ఎక్కడుంది సార్?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను బీఏ స్పెషల్ ఇంగ్లిష్ చదువుతున్నాను, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. పోయిన సెమిస్టర్‌లో మాకు షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ ఉండింది. 1599లో లండన్‌లో ఆడిన నాటకం అది, ఆ రోజుల్లో కూలీనాలీ చేసుకునేవాళ్లు కూడా ఒక్క పెన్నీ ఇచ్చి గ్లోబ్ థియేటర్‌లో నిలబడి నాటకాలు చూసేవాళ్లంట. మేమైతే అసలు టెక్స్ట్ కూడా కొనలేదు, జిరాక్స్ షాపులో దొరికే మెటీరియల్ కొన్నాం, అందులో సమ్మరీ, క్యారెక్టర్ స్కెచ్‌లు, యానొటేషన్లు, అంతే. సీజర్‌ని పొడిచి చంపిన కుట్రదారుల్లో ఒకడైన బ్రూటస్ మీద మూడు పేజీలు బట్టీ కొట్టి పాసైనవాళ్లకి బ్రూటస్ డైలాగ్ ఒక్కటి రాదు. మాకు బోర్ కొట్టి చదవట్లేదని పెద్దవాళ్లు అనుకుంటారు గానీ నిజంగా మాకున్నది భయం సార్, లైన్ అర్థం కాదు, లేచి అడిగితే నవ్వుతారేమోనని తలొంచుకుని కూర్చుంటాం.

ఒక్కరోజు మాత్రం మా మేడమ్ మెటీరియల్స్ మూయించి మూడో అంకం రెండో సీన్ తీయమన్నారు. టేబుల్ మీద పెట్టిన స్కూల్ బ్యాగే సీజర్ శవం, క్లాసంతా రోమ్ జనం. బ్రూటస్ వచనంలో మాట్లాడి వెళ్తాడు, సీజర్ స్నేహితుడు ఆంటోనీ వచ్చి పద్యంలో అందుకుంటాడు, ఆ తేడా చెవికి తెలియాలి అన్నారు. ఆంటోనీగా చదివింది లాస్ట్ బెంచీ అబ్బాయి, రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, వాళ్ల తాత ఊళ్లో హరిశ్చంద్ర వేషం కట్టేవాడంట. ఉచ్చారణ నిండా తప్పులే, కానీ బ్రూటస్ పెద్దమనిషి అన్న ప్రతిసారీ గొంతు కొంచెం మారుస్తూ పోయాడు, సీజర్ తన వీలునామాలో రోమ్ జనానికి మనిషికి 75 ద్రాక్మాలు (అప్పటి నాణేలు) రాశాడనేసరికి మేమందరం లేచి నిలబడి అరుస్తున్నాం, పక్క క్లాసు సార్ వచ్చి తొంగి చూశారు. ఆ వెంటనే వచ్చే సీన్‌లో అదే జనం సిన్నా అనే కవిని, కుట్రదారుల్లో ఒకడి పేరే తనకీ ఉన్న పాపానికి, పట్టుకుని చీల్చేస్తారు. క్లాసు చప్పబడిపోయింది. "ఇందాక అరిచింది మనమే కదే" అని నా పక్కమ్మాయి మెల్లగా అంది.

అలాంటి క్లాసు మళ్లీ జరగలేదు, ఎందుకంటే దానికి మార్కుల్లేవు, సిలబస్ అవ్వాలి.

నాటకం మనకి కొత్త కాదు కదా సార్. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో మొదలైన సురభి నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నారు. మా నాయనమ్మకి చదువు రాదు, రాయబారం పద్యాల్లో సగం మాటలు తెలియవు, అయినా తెల్లారేదాకా చాప మీద కూర్చుని చూసేది, హార్మోనియం వాయిస్తూ పాడుతుంటే అర్థం దానంతటదే తెలిసేది అనేది. మా ఆంటోనీ చదివిన రోజు నాకూ అలాగే తెలిసింది.

అందుకే అడుగుతున్నా, యూనివర్సిటీలతో మాట్లాడి డ్రామా పేపర్ ఇంటర్నల్స్‌లో కొన్ని మార్కులు సీన్ ఆడి చూపించినందుకు ఇప్పించండి, తప్పుల ఇంగ్లిష్‌కి మార్కులు కోయొద్దని చెప్పండి, ముందు తెలుగులో అర్థం చెప్పుకోనివ్వండి. డబ్బులేం అక్కర్లేదు, కిరీటానికి అట్టముక్క, శవానికి ఒక దుప్పటి మేమే తెచ్చుకుంటాం. వచ్చే సెమిస్టర్‌లో మాకు మాక్‌బెత్ ఉంది సార్, జిరాక్స్ షాపులో మెటీరియల్ అప్పుడే వచ్చేసింది.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని