స్టిక్కర్ల లెక్క తప్పని ఎప్పుడో తేలింది

సంపాదకులకు,

అయ్యా,

12 రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో భక్తి లేని ఇళ్ల పిల్లలకే పెద్ద మనసు ఉంటుందని అరపేజీ వ్యాసం వేశారు. ఆ మరుసటి వారం, దేవుడి భయం లేనివాడికి నీతి ఎక్కడిదంటూ దాన్ని దులిపేసిన ఉత్తరాలు మూడు వేశారు. వ్యాసమూ తప్పే, ఉత్తరాలూ తప్పే. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు.

ముందు వ్యాసం సంగతి. దానికి ఆధారం 2015లో 'కరెంట్ బయాలజీ' పత్రికలో అచ్చయిన పరిశోధన. ఆరు దేశాల్లో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1,170 మందిని తీసుకున్నారు. నచ్చిన స్టిక్కర్లు పదేసి ఏరుకోమని, ఆటలో చోటు దొరకని ఇంకో పిల్లకో పిల్లాడికో వాటిలో ఎన్ని ఇస్తారని అడిగారు. మతం పాటించే ఇళ్ల పిల్లలు తక్కువ ఇచ్చారని తేల్చారు. వేరే పరిశోధకులు అదే డేటాను మళ్లీ లెక్కగడితే గుట్టు బయటపడింది. దేశాలకు కంప్యూటర్‌లో 1, 2, 3 అని అంకెలు వేసుకున్నారు. అవి బస్సు నంబర్ల లాంటి గుర్తులు, అంతే. లెక్క కట్టేటప్పుడు మాత్రం వాటిని కొలతలుగా తీసుకున్నారు. అంటే 4వ దేశం 2వ దేశానికి రెట్టింపు! దేనిలో రెట్టింపో ఆ కంప్యూటర్‌కే తెలియాలి. సరిగా లెక్కగడితే తేలిందేమిటంటే, పిల్లలు ఇచ్చినదాంట్లో తేడా చాలావరకు దేశానికీ దేశానికీ మధ్య ఉన్నదే. 2019లో ఆ పరిశోధనను వెనక్కి తీసుకున్నారు. ఇంట్లో మతాచరణ పెరిగిన కొద్దీ పంచుకోవడం తగ్గే సంబంధం ఇంకా నిలిచే ఉందని రచయితలు ఆ ప్రకటనలోనే రాశారు, అదీ దాచకూడదు. కానీ మీ శీర్షిక మోసేంత బరువు దానికి లేదు. వెనక్కి తీసుకున్న సంగతి అసలు వ్యాసంతో పాటే కనిపిస్తుంది. మీ విలేకరి అరనిమిషం వెతికితే దొరికేది. వెతికితే కదా!

ఇక ఉత్తరాలు. దేవుడు చూస్తున్నాడన్న ఎరుకే మనిషిని దారిలో పెడుతుందని రాసినవారు 2007 నాటి ప్రయోగాన్ని గొప్పగా ఏకరువు పెట్టారు. చిందరవందరగా ఉన్న వాక్యాలను సరిచేయమని కొందరికి దైవసంబంధమైన మాటలున్నవి ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత 10 డాలర్లు చేతిలో పెట్టి ముక్కూమొహం తెలియనివాడికి ఎంత ఇస్తారో చూశారు. దైవం మాటలు చూసినవాళ్లు సగటున 4.22 డాలర్లు వదులుకున్నారు, మిగతావాళ్లు 1.84. బాగుంది. అయితే ఇందులో ఉన్నది 50 మందే. పైగా అదే వ్యాసంలోని రెండో ప్రయోగంలో పోలీసు, కోర్టు, ఒప్పందం వంటి మాటలు కూడా దాదాపు దేవుడంత పనీ చేశాయి. ఉత్తరంలో ఆ రెండో సగం మాయం. తర్వాత ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేసి చూసినవాళ్లకు ఆ ఫలితం రానేలేదు.

ఇంతకంటే గట్టి పని 2016లో 'నేచర్'లో వచ్చింది. దాన్ని అటువాళ్లూ ఇటువాళ్లూ ఎవరూ ముట్టుకోలేదు. వనువాటు, ఫిజీ, టాంజానియా లాంటి చోట్ల ఎనిమిది సమాజాల్లో 591 మంది ఆడిన ఆట అది. ఎదురుగా రెండు గిన్నెలు, చేతిలో 30 నాణేలు, రెండు రంగుల పాచిక ఒకటి. ఒక గిన్నె తనది, ఇంకోటి ఎక్కడో దూరాన ఉన్న తన మతస్థుడిది. ముందు ఒక గిన్నెను మనసులో అనుకోవాలి, తర్వాత పాచిక వేయాలి. ఒక రంగు పడితే నాణెం అనుకున్న గిన్నెలో, రెండో రంగు పడితే అవతలి గిన్నెలో. మనసులో ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు కాబట్టి మోసం చేసినా ఆ మనిషిని పట్టుకోలేం. కానీ నిజాయతీగా ఆడితే గిన్నెకు సగటున 15 పడాలి. అందరివీ కలిపి చూస్తే చెయ్యి ఎటు వాలిందో దొరికిపోతుంది. తమ దేవుడు అన్నీ తెలిసినవాడు, శిక్షించేవాడు అని గట్టిగా నమ్మినవాళ్ల నాణేలు ఆ దూరపు మతస్థుడి గిన్నెలో ఎక్కువ పడ్డాయి. ఉత్తరాలు రాసినవారికి ఇది పనికొచ్చేదే. కానీ గిన్నె ఎవరిదో మళ్లీ చదవండి. వేరే మతంవాడికి అక్కడ గిన్నే లేదు. నమ్మనివాళ్లతో పోలికా లేదు.

ఎవరిని అడిగారు, ఎవరికి ఇవ్వమన్నారు, అడిగి రాసుకున్నారా, చూసి లెక్కపెట్టారా? ఈ నాలుగూ చెప్పకుండా 'భక్తులే మంచివాళ్లు' అన్నా, 'నాస్తికులే మంచివాళ్లు' అన్నా అచ్చువేయడం సిరా దండగ. అడిగి రాసుకున్నదాని విలువెంతో అమెరికాలో 1993లోనే తేలింది. వారం వారం చర్చికి వెళ్తామని చెప్పినవాళ్లు నూటికి 40 మంది, నిజంగా తలలు లెక్కపెడితే అందులో సగమే. చర్చికి వెళ్లడం గురించే ఇలా చెప్పేవాళ్లు దానధర్మాల గురించి తగ్గించి చెబుతారా? నమ్మనివాళ్లు కూడా తమను తాము తక్కువేమీ చేసుకోరు, ఆ మాటా అనాలి. 2014లో 1,252 మందికి రోజుకు ఐదుసార్ల చొప్పున మూడు రోజులు ఫోన్‌లో కబురు పంపి, గడిచిన గంటలో మీరు చేసిన మంచేమిటి, చెడేమిటి అని అడిగారు. రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తప్పు చేశాక సిగ్గుపడటం మాత్రం భక్తుల్లో ఎక్కువ. అసలు సృష్టికర్తను ఒప్పుకోని జైనులను, బౌద్ధులను వీళ్లంతా ఏ గడిలో వేస్తారో నాకు అంతుపట్టదు.

చూసి లెక్కపెట్టిన వాటిలో 1973 నాటిది మీ పాఠకులకు చెప్పాల్సింది. మతగురువులు కాబోతున్న 40 మంది విద్యార్థులను ప్రసంగానికి పక్క భవనానికి పంపారు. దారిలో ఒకడు మూలుగుతూ పడి ఉన్నాడు. సమయం ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం ఆగారు, ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతం. వాళ్లలో సగంమంది చెప్పబోయేది, దెబ్బలు తిని దారిలో పడున్న పరాయివాడిని ఆదుకున్న మంచి మనిషి కథే! కొందరు అతన్ని దాటుకుంటూ వెళ్లి ఆ కథ చెప్పారు.

మీరు ఇలా రాస్తారు, అధికారులు ఇంకోలా వాడుకుంటారు. ఎక్కడ ఏ దారుణం జరిగినా మర్నాడే బడుల్లో నీతిపాఠం గంట పెంచుతామని ప్రకటన. దాంతో బాధ్యత తీరిపోతుంది. 1920లలోనే 10 వేలకు పైగా బడిపిల్లలను పరీక్షల్లో, ఆటల్లో, ఇంటిపనిలో గమనించిన పరిశోధన ఉంది. పరీక్షలో కాపీ కొట్టినవాడు ఆటలో నిజాయతీగా ఉండొచ్చు, చెప్పిన నీతికీ చేసిన పనికీ పెద్ద పొత్తు లేదు అని అందులో తేలింది. ఆ ఫైలు ఏ సచివాలయంలోనూ ఎవరూ తెరిచినట్టు లేరు.

కనుక, 2019 నాటి ఉపసంహరణను వ్యాసం వేసిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఎనిమిదో పేజీ అడుగున చీమతలకాయంత కాదు.

వ్యాసంతో వేసిన బొమ్మ గురించి కూడా ఒక మాట. భక్తుడి చేతులు జోడించి, నాస్తికుడి వేళ్ల మధ్య సిగరెట్ పెట్టారు. 2017లో 13 దేశాల్లో 3 వేల మందికి పైగా జనానికి ఒక వరుస హంతకుడి వర్ణన ఇచ్చి, అతను ఉపాధ్యాయుడయ్యే అవకాశం ఎక్కువా, దేవుణ్ని నమ్మని ఉపాధ్యాయుడయ్యే అవకాశం ఎక్కువా అని అడిగారు. కొందరికి 'నమ్మే ఉపాధ్యాయుడా' అని మార్చి అడిగారు. తర్కం ప్రకారం రెండో జవాబుకు అవకాశం ఎప్పుడూ మొదటిదాన్ని మించదు, నమ్మని ఉపాధ్యాయుడైనా ఉపాధ్యాయుడే కదా. అయినా 'నమ్మని' అన్నచోట రెండోదాన్ని ఎంచుకునే పొరపాటు చేసినవాళ్లు దాదాపు రెట్టింపు. నమ్మనివాళ్లు కూడా అదే చేశారు. కాబట్టి మీ చిత్రకారుడు ఏ వర్గంవారో నేను అడగను. సిగరెట్ మాత్రం తీసేయమనండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు