మైక్రోస్కోపు పిల్లల చేతికివ్వండి

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం ఏడో తరగతి చదువుతున్న మా పాపను ఒక సైన్స్ మ్యూజియంలో పిల్లలే స్వయంగా ప్రయోగాలు చేసే బయాలజీ ల్యాబ్‌కు తీసుకెళ్లాను. అద్దాల వెనక బొమ్మలు కాదండీ, నిజమైన మైక్రోస్కోపులు. ఉల్లిపొర తీసి, చుక్క అయోడిన్ వేసి, కవర్ స్లిప్ పెడితే మొదటిసారి గాలి బుడగలు పడ్డాయి, పాప వాటినే కణాలనుకుంది. రెండోసారి సరిగ్గా వచ్చింది: ఇటుకలు పేర్చినట్టు గళ్లు, గడిలో ముదురు చుక్క. "నాన్నా, న్యూక్లియస్!" అని అరిచింది.

తర్వాత అరటిపండు మెదిపి, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి వడకట్టి, చల్లటి స్పిరిట్‌ను గ్లాసు అంచు మీదుగా మెల్లగా పోస్తే డీఎన్ఏ తెల్లటి దారప్పోగుల్లా పైకి తేలింది. సబ్బు కణాల పొరను విడగొడుతుంది, స్పిరిట్‌లో డీఎన్ఏ కరగదు కాబట్టి బయటపడుతుంది, అంతే. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కనిది పావుగంటలో అర్థమైంది.

నా బాధల్లా ఒకటే. పాప స్కూల్లో కూడా ల్యాబ్ ఉంది, కానీ తాళం తీసేది తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపులో చూసింది మన సికింద్రాబాద్‌లోనే, హబ్సిగూడలో కణాల మీద, డీఎన్ఏ మీద పరిశోధనలు చేసే సీసీఎంబీ సంస్థ ఉంది, అలాంటి ఊళ్లో పిల్లలు స్లైడ్ ముట్టుకోకుండానే టెన్త్ దాటేస్తే ఎలా? విద్యాశాఖ వారానికి ఒక్క ల్యాబ్ పీరియడ్ అయినా తప్పనిసరి చేయాలి, ప్రభుత్వ బడి పిల్లలను ఇలాంటి చోట్లకు ఉచితంగా తీసుకెళ్లాలి. ఉల్లిపాయకీ అరటిపండుకీ ఎంత ఖర్చవుతుందండీ?

ఒక తండ్రి, తార్నాక, హైదరాబాద్