కంపెనీ డి

కాకినాడ

చి.సౌ. సుధకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మ మోకాళ్ళు మామూలే, వానలు పట్టాక కాస్త ఎక్కువే. మొన్న ఫోన్లో బుజ్జిగాడు "తాతా, సివిల్ వార్ సోల్జర్‌కి జీతమెంత?" అని మీ అమెరికా అంతర్యుద్ధం సంగతి అడిగి, నేను నోరు తెరిచేలోపే బస్సొచ్చిందని పరుగెత్తాడు. ముప్పై రెండేళ్ళు ట్రెజరీలో పెన్షన్ సీట్లో కూర్చున్నవాణ్ణి జీతం లెక్క అడిగి మధ్యలో వదిలేస్తే నిద్ర పడుతుందా? వాట్సాప్‌లో రాస్తే నువ్వు చదవకుండా బొటనవేలి బొమ్మ పెడతావు. అందుకే కాగితం.

పోయినేడు మీ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే చర్చి పక్క స్మశానం వైపు నడకకి వెళ్తున్నానని నువ్వు కోప్పడేదానివి. అక్కడ ఓ మూల ఆ యుద్ధపు సిపాయిది తెల్ల పాలరాతి పలక ఉంది. డాలు ఆకారంలో తవ్విన గుంటలో పేరు, కంపెనీ డి, పెన్సిల్వేనియా ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం. ఎప్పుడు పుట్టాడో లేదు, ఎప్పుడు పోయాడో లేదు. రెజిమెంటు నంబరు వానలకి అరిగిపోయింది. ఎవరో సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీలో మూడు గళ్ళు నింపి లంచ్‌కి వెళ్ళిపోయినట్టుంది. తక్కిన గళ్ళ కోసమే నేను మీ లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. ఆ మనిషి దొరకలేదు గానీ అలాంటివాళ్ళ బతుకు చాలానే దొరికింది.

1861 ఏప్రిల్ 12న సౌత్ కరోలినాలోని సమ్టర్ కోట మీద దక్షిణాదివాళ్ళ ఫిరంగులు పేలాయి, ఉత్తరాది రాష్ట్రాలకీ దక్షిణాది రాష్ట్రాలకీ యుద్ధం మొదలైంది. మూడోరోజుకి ప్రెసిడెంటు లింకన్ ఉత్తరాది వైపు 75,000 మంది వాలంటీర్లు కావాలని పిలుపిచ్చాడు, తొంభై రోజులకి. మూడు నెలల్లో తేలిపోతుందనుకున్నారు పాపం. తర్వాత చేరినవాళ్ళ చేత మూడేళ్ళకి సంతకాలు పెట్టించుకున్నారు. కంపెనీ అంటే వందమంది దాకా. పది కంపెనీలు ఒక రెజిమెంటు. కంపెనీలో చాలావరకు ఒక ఊరివాళ్ళూ, చుట్టుపక్కల పల్లెలవాళ్ళూ. చాలాచోట్ల కెప్టెన్ని కూడా వాళ్ళే ఎన్నుకున్నారు. ఇరుగుపొరుగంతా ఒకే వరసలో నిలబడటం వింటే బాగానే ఉంటుంది. ఆ వరస మీద గుళ్ళు పడిన రోజున వీధికి వీధే ఏడ్చేది.

ఇక జీతం. మామూలు సిపాయికి నెలకి పదమూడు డాలర్లు. 1864లో పదహారు చేశారు. రెండు నెలలకోసారి ఇవ్వాలి, నెలల తరబడి వచ్చేది కాదు. నల్లవాళ్ళకి పదే, అందులో మూడు బట్టల కింద కోత, చేతికి ఏడు. మసాచుసెట్స్ 54వ రెజిమెంటువాళ్ళు ఆ జీతం మాకొద్దని ఏడాదిన్నర ముట్టుకోలేదు. యుద్ధం మాత్రం ఆపలేదు. చివరికి 1864 జూన్‌లో కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, జీతాలు సమానం చేసింది. నా సర్వీసులో జీతాల గొడవలు ఎన్నో చూశాను, ఇలాంటిది చూళ్ళేదు. అంతకు కొన్నేళ్ళ ముందు దాకా ఈస్టిండియా కంపెనీ సర్కారు మన సిపాయికి ఇచ్చింది నెలకి ఏడు రూపాయలు. ఢిల్లీవాళ్ళు ఆ సిపాయిల్ని 'తిలంగా'లనేవారు. తొలినాళ్ళలో తెలుగుదేశం నుంచి చేరినవాళ్ళ వల్ల వచ్చిన పేరది. ఇది బుజ్జిగాడి టీచరు అడగలేదనుకో.

తిండి: ఉప్పు పంది మాంసం, కాఫీ, రాయిలాంటి బిస్కట్టు. బిస్కట్టు కాఫీలో ముంచితే పురుగులు పైకి తేలేవి. వాటిని తీసి పారేసి తాగేవాళ్ళు. సైన్యంలో చేరాలంటే ముందరి పళ్ళు ఉండాలి. తూటా కాగితాన్ని పంటితో కొరికి చింపి తుపాకిలో మందు పోయాలి మరి. వాడికి చెప్పు, నవ్వుతాడు. ఉత్తరాది వైపు పోయినవాళ్ళు సుమారు 3,60,000 మంది. యుద్ధంలో దెబ్బ తిని పోయినవాళ్ళు అందులో మూడోవంతుకి కాస్త తక్కువ. తక్కినవాళ్ళని ఎక్కువగా విరేచనాలూ టైఫాయిడూ తీసుకుపోయాయి. రెండు నెలలకోసారి రాసే హాజరుపట్టీలో "ఆసుపత్రిలో" అని ఒకసారి పడితే ఆ పేరు మళ్ళీ వరసలోకి రాకపోవడం మామూలే.

నా మనసు ఆగిపోయింది మాత్రం పెన్షన్ల దగ్గర. 1862 జులై 14న చట్టం చేశారు. భర్త పోయిన భార్యకి నెలకి ఎనిమిది డాలర్లు. పెళ్ళి కాని కొడుకు పోతే తల్లికి. అయితే ఆ తల్లి కొడుకు సంపాదన మీద బతికిందని రుజువు కావాలి. రుజువేముంటుంది? వాడు రాసిన ఉత్తరాలే. జీతం రాగానే ఇంత పంపుతానని, అద్దె కట్టమని రాసినవి. ఆ ఉత్తరాలు దరఖాస్తుతో జతచేసి పంపారు. పెళ్ళికి రుజువు లేని ఆడవాళ్ళు ఇంటి బైబిల్లో పెళ్ళీ పుట్టుకలూ రాసుకున్న పేజీ చింపి పంపారు. అవి చాలావరకు తిరిగి ఇంటికి రాలేదు, ఫైళ్ళలోనే ఉండిపోయాయి. ఇవాళ వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పెద్ద పెద్ద జనరల్స్ ఉత్తరాలు ఎలాగూ దాస్తారు. ఈ కుర్రాళ్ళవి ఎనిమిది డాలర్ల కోసం మిగిలాయి.

నా కౌంటరు దగ్గరికి ఒకావిడ పెళ్ళి ఫోటో గోడమీంచి ఫ్రేముతో సహా దింపుకొచ్చింది, చీరకొంగులో చుట్టుకుని. జెరాక్స్ తీయించి వెనక్కిచ్చేశాను. ఆ తల్లుల రోజుల్లో జెరాక్స్ లేదు.

ఒక్కటి చెప్పాలి. ఆ యుద్ధం తాలూకు చివరి పెన్షను ఆగింది 2020లో! ఒక సైనికుడి కూతురికి, నెలకి 73 డాలర్ల 13 సెంట్లు. అన్నేళ్ళు ఆ ఫైలు మోసిన గుమాస్తాలకి నా నమస్కారం.

బుజ్జిగాడికి పదమూడు డాలర్లని చెప్పు. తీరిక చూసుకుని వాణ్ణి ఆ రాయి దగ్గరికి తీసుకెళ్ళు. చీకటి పడే వేళ టార్చిలైటు ఎదురుగా కాదు, పక్కనుంచి వెయ్యాలి. అరిగిన అంకెలు నీడకి తేలతాయి. మొదటిది 1 అయి ఉండాలి, తర్వాతది 3 అనీ 8 అనీ నేను రోజుకోలా అనుకున్నాను. రాయి మీద సుద్దముక్క గానీ పెన్సిలు గానీ రుద్దొద్దు, పాడవుతుంది. నంబరు తెలిస్తే ఫోను చెయ్యండి. ఆ సిపాయి ఫైలు కోసం దరఖాస్తు నేను రాస్తాను.

అల్లుడు గారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నాన్న