పేషంట్లను హాల్లో కుక్కకండి, చెట్టు కింద కూర్చోబెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం. 2021లో, కరోనా లాక్‌డౌన్ ఎత్తేశాక, ఆస్పత్రి హాళ్లలో పేషంట్లను కూర్చోబెట్టే తీరు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది చండూరు. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. నిరుడు చాలా నెలలు బట్ట మాస్కులే కుట్టాను. మా అత్తమ్మకు 68 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. మిషన్ భగీరథ మంచినీళ్లు రాకముందు ఏళ్లకేళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మోకాళ్లు కాబట్టి పది నిమిషాలు నిలబడలేదు. నెలకోసారి నల్లగొండ తీసుకెళ్లి చూపించేదాన్ని. ఈ మార్చి తర్వాత రానని మొండికేసింది. "ఆడికి పోతేనే అంటుకుంటదట. పాత చీటీ మీద గోళీలు తెచ్చెయ్యి" అంది. నేనూ సరే అన్నాను. అలా అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడుతున్నాను.

మే నెలలో ఆమె కుడికాలి చిటికెన వేలికి చెప్పు ఒరుసుకుని పుండయింది. షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లలో స్పర్శ తగ్గుతుంది కదా, నొప్పి తెలియలేదు. పసుపు అద్దుకుంటూ ఊరుకుంది. వాసన వస్తే గానీ నాకు తెలియలేదు. అప్పటికే 12వ తేదీ నుంచి లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 వరకే సడలింపు. వైద్యానికి అడ్డు లేదన్నారు గానీ మాకు ఆటో దొరికేది ఆ నాలుగు గంటల్లోనే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా మాలాగే ఒక్కసారిగా టౌన్లో దిగారు.

మేం వెళ్లిన ప్రైవేటు ఆస్పత్రి పేరు రాయను. హాల్లో 12 కుర్చీలున్నాయి, మనుషులు 30 మందికి తక్కువ లేరు. ఏసీ వేసి కిటికీలన్నీ బిగించారు. గుమ్మం దగ్గర నుదుటికి గన్ను పెట్టి జ్వరం చూశారు. చూసి, జ్వరం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. కాంపౌండర్ అద్దం వెనక నుంచి పేర్లు రాసుకుంటున్నాడు. మా వంతు వచ్చింది. అత్తమ్మ పేరు చెప్పింది. "వినిపిస్తలేదమ్మా, మాస్కు తీసి చెప్పు" అన్నాడు. ఆమె మాస్కు గడ్డం కిందికి లాగి, అద్దానికున్న చిన్న రంధ్రం దగ్గర నోరు పెట్టి పేరు, ఊరు, వయసు చెప్పింది. మాకంటే ముందు వచ్చినవాళ్లంతా అదే రంధ్రంలో అలాగే చెప్పారు. వాళ్లలో ఒకాయన దగ్గు ఆపుకోలేకపోతున్నాడు. నేను కుట్టిన మూడు పొరల మాస్కు ఆ ఒక్క నిమిషంలో ఎందుకూ పనికిరాకుండా పోయింది.

గంటన్నర అక్కడే కూర్చున్నాం. డాక్టర్ చూసింది ఐదు నిమిషాలు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాలు చేత్తో పట్టుకుని చూశారు, ఆలస్యం చేశారమ్మా అన్నారు. వేలు తీసేయాల్సి వచ్చింది. కరోనా రాలేదు, అది మా అదృష్టం.

డ్రెస్సింగ్‌కు ఇప్పుడు వేరే చోటికి వెళ్తున్నాం. అక్కడ పేరు, ఫోన్ నంబరు రాసుకుని ఆవరణలోని వేపచెట్టు కింద కూర్చోమంటారు. కావాలంటే ఆటోలోనే ఉండొచ్చు. మన ముందు ఇద్దరు ఉన్నారనగా ఫోన్ చేస్తారు. డాక్టర్ గదిలో కిటికీలు తెరిచి ఉంటాయి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను మధ్యాహ్నం 12 తర్వాతే రమ్మంటారు, వాళ్లకు వేరే తలుపు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. జ్వరానికి ఒక టైం పెట్టడం వల్ల ఇంకో మేలు జరిగింది. మా ఊళ్లో చాలామంది జ్వరం దాచి కడుపునొప్పి అని చెప్పి లోపలికి వెళ్తారు, జ్వరమంటే చూడరని భయం. అక్కడ ఆ అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

జూన్ 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. హాళ్లు మళ్లీ కిటకిటలాడుతున్నాయి, మళ్లీ వేవ్ వస్తుందంటున్నారు. జిల్లా వైద్యాధికారి గారు ప్రతి ప్రైవేటు ఆస్పత్రి హాలూ ఒకసారి చూసి, ఈ పద్ధతిని అందరితో పెట్టించాలని నా మనవి. మాస్కు తీసి పేరు చెప్పమనడం మాత్రం రేపే ఆపించాలి. ఒక కాగితం, పెన్ను ఇస్తే రాసిస్తాం, చదువు రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెడతారు.

మనం చేయాల్సిందీ ఉంది. ఒక పేషంటుకు ఒక్కరే తోడు వెళ్లాలి, మా వాడకట్టు నుంచి నలుగురేసి వెళ్తున్నారు. నేనైతే వేసుకునే గోళీలు, అడగాల్సిన మాటలు ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుంటున్నాను, లోపల ఎక్కువసేపు ఉండక్కర్లేదు. నీళ్లు, తిండి బయటే తప్ప హాల్లో మాస్కు దించి తినొద్దు. రిపోర్టు చూపించడానికి, గోళీలు మళ్లీ రాయించుకోవడానికి ముందు ఫోన్ చేసి అడగండి. డాక్టర్లు ఫోన్లో చూసి మందులు రాయవచ్చని కేంద్రం 2020 మార్చిలోనే నిబంధనలు ఇచ్చింది. అయితే పుండు, ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే ఫోన్‌తో సరిపెట్టుకోకండి. భయపడి ఇంట్లో కూర్చోకండి. షుగర్ ఉన్న పెద్దవాళ్ల పాదాలు రోజూ రాత్రి ఒకసారి దీపం పెట్టి చూడండి. మా అత్తమ్మ పాదం నేను ఆ రెండు నెలలు చూడలేదు.

వచ్చే సోమవారం మళ్లీ డ్రెస్సింగ్ ఉంది. ఆమె ఇప్పుడు రానని అనడం లేదు, చెట్టు కిందే కదా అంటోంది.

ఇట్లు,
ఒక కుట్టుపని మహిళ,
చండూరు, నల్లగొండ జిల్లా