శతజయంతి సంచికల్లో రచయిత గొంతు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

రచయితల శతజయంతులకు పత్రికలు తెచ్చే ప్రత్యేక సంచికల్లో అరుదైన ఫొటోలు, చేతిరాత ఉత్తరాలు వెతికి మరీ వేస్తున్నారు. ఆ రచయిత రేడియోలో మాట్లాడిన అరగంట క్యాసెట్టు ఎవరింట్లో ఉందని మాత్రం ఎవరూ వాకబు చేయడం లేదు.

తెలుగు ప్రసారాలు 1938లో మద్రాసు నుంచి, 1948 డిసెంబరు 1 నుంచి విజయవాడ నుంచి వినిపించాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, గోపీచంద్, రజనీకాంతరావు, దాశరథి రేడియోలో పనిచేసినవాళ్లే. ప్రశ్న అడిగేదీ రచయితే అయితే జవాబు ముఖస్తుతితో ఆగదు. కానీ తొలినాళ్లలో చాలావరకు ప్రత్యక్ష ప్రసారాలే. తర్వాత టేపు వచ్చినా ఖరీదైన సరుకు కాబట్టి చెరిపి మళ్లీ వాడేవారు. అందుకే ఎవరో శ్రోత రేడియో పక్కన కూర్చుని ఎక్కించుకున్న క్యాసెట్టే కొన్నిటికి చివరి ప్రతి కావచ్చు.

అలాంటిది దొరికితే ఆత్రంగా ప్లే నొక్కకండి. ముందు అంచునున్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా ఇక చెరగదు. లోపల తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని మంచి టేప్‌రికార్డర్‌లో పెట్టొద్దు. ఆ బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. బాగున్నదైతే ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలక బిగిసిన చుట్ట సర్దుకుంటుంది. 120 నిమిషాల క్యాసెట్లతో మరీ జాగ్రత్త. రీలు పలచన, ఇట్టే చిక్కుపడుతుంది. టేపును హెడ్డుకు అదిమే ఫెల్టు ముక్క ఊడిపోతే మాట గుసగుసలా వినిపిస్తుంది. అప్పుడు రీలును మరలతో బిగించే వేరే డొక్కులోకి మార్చాలి. ప్రతి వైపూ అయ్యాక హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవాలి.

అన్నీ బాగున్నా గొంతు దుప్పటి కప్పినట్టుంటే, ఎక్కించిన యంత్రం హెడ్డూ మీ యంత్రం హెడ్డూ ఒకే కోణంలో లేవన్నమాట. హెడ్డు పక్కనున్న చిన్న మరను పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పుతూ వినండి. స, శ, ష వేటికవి విడిగా వినిపించిన చోట ఆపండి. తెలుగువాడికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

కంప్యూటర్‌లోకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా (ధ్వనిని కుదించకుండా దాచేది) ఎక్కించండి. మోనోలో అరగంటకు సుమారు 260 ఎంబీ అవుతుంది, అంతే. గురగుర పోగొట్టే సాఫ్ట్‌వేర్‌ను అసలు ఫైలు మీద ప్రయోగించొద్దు. గురగురతో పాటు ఊపిరీ పోతుంది. దగ్గు, తడబాటు, జవాబుకు ముందు మౌనం ఉండనివ్వండి. వాట్సాప్‌లో పంచుకోవడానికి ఎంపీ3 వేరే చేసుకోవచ్చు.

కాగితం మీదికి ఎత్తేవాళ్లు చేసే పెద్ద తప్పు భాషను దిద్దడం. రచయిత ‘వచ్చిండు’ అంటే ‘వచ్చాడు’ అని రాసేస్తారు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటూ ఈ పని చేయడం విడ్డూరం.

తేదీ మరో చిక్కు. శ్రోత మీట నొక్కేలోపే ప్రకటన అయిపోయి ఉంటుంది. ముందూ వెనకా మిగిలిన వార్తల ముక్కను, అవతలి వైపు పాటను కూడా చెరపకుండా దాచండి. కాలం పట్టుకునేది వాటితోనే. పాత గ్రంథాలయాల్లో ఆకాశవాణి వారి ‘వాణి’ పత్రిక సంచికలుంటే కార్యక్రమాల పట్టికతో సరిపోల్చవచ్చు.

నెట్‌లో పెట్టే ముందు హక్కులు చూసుకోవాలి. ప్రసార సంస్థ హక్కు ప్రసారమైన మరుసటి ఏడాది మొదలు 25 ఏళ్లు ఉంటుంది. అందులో చదివిన కథ మీదో పద్యం మీదో హక్కు రచయిత మరణానంతరం 60 ఏళ్లు కుటుంబానిదే కావచ్చు. ఇంట్లో భద్రపరచుకోవడానికి మాత్రం వెనకాడనక్కర్లేదు.

ఇకముందు ప్రత్యేక సంచికకు ఫొటోలు పంపమని పాఠకులను కోరేటప్పుడు, ‘రేడియో క్యాసెట్లు ఉంటే తెలపండి’ అని ఒక్క వాక్యం కలపగలరా?

– పాత టేపులను డిజిటల్‌లోకి మార్చే కొందరు శ్రోతలు, విజయవాడ