కలుజు కింద ఆగిపోతున్న నాటుచేప

సంపాదకులకు,

ఈశాన్య రుతుపవనాలకు చెరువులు నిండి కలుజు (మిగులు నీరు పొర్లిపోయే అలుగు) పారితే నెల్లూరు జిల్లా వాగుల్లో పక్కెలు, జెల్లలు, వాలుగలు వంటి నాటుచేపలు కడుపునిండా గుడ్లతో ఎదురెక్కుతాయి. చెక్‌డ్యాం గోడో కలుజు గోడో అడ్డం వస్తే వాటి ప్రయాణం అక్కడితో సరి. 2 అడుగుల నిటారు గోడ మీదికి పక్కె ఎగిరి, జారిపడి, మళ్లీ ఎగురుతుంటే కింద దోమతెర వలతో జనం కాచుకుని ఉంటారు. గుడ్డు పెట్టకుండానే తల్లిచేప చట్టిలోకి పోతుంది. తర్వాత చెరువులో చేపల్లేవని చేపపిల్లలను కొనితెచ్చి వదులుతాం. అలా వదిలే బొచ్చె, శీలావతి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు గనుక ఏటా కొనక తప్పదు. నాటుచేపకు దారి ఇస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

వేసవి మరమ్మతుల్లోనే ఆ దారి వేయొచ్చు. గోడ మొత్తం పగలగొట్టే పని లేదు, దిగువన రాతి వాలు కట్టాలి. అడుగు ఎత్తుకు 20 అడుగుల పొడవు లెక్కన 2 అడుగుల గోడకు 40 అడుగులు. అడుగున్నర రాళ్లను సగం దాకా పాతి, 5 అడుగులకో వరుస చొప్పున 8 వరుసలు పేర్చాలి. వరుసకూ వరుసకూ దిగుడు 3 అంగుళాలు మించకూడదు. రాళ్ల మధ్య అరడుగు సందులు వదలాలి, పై వరుస సందుకు నేరుగా కింద సందు రాకూడదు. వస్తే నీళ్లు తిన్నగా దూసుకొచ్చి చిన్న చేపను వెనక్కి నెట్టేస్తాయి. రాళ్ల కింద గులకరాయి, బంకమట్టి కలిపి దిమ్మిస కొట్టాలి. ఉత్త బండలే పోస్తే నీరు తక్కువైన రోజున అడుగునుంచి ఇంకిపోయి పైన ఎండిపోతుంది, చేప మధ్యలో చిక్కుకుంటుంది. నున్నగా సిమెంటు పూయడం కాంట్రాక్టరుకు సులువే గానీ దాని మీద నీటి వేగం పెరిగి చేప నిలవలేదు. చివరి వరుస రాళ్లను 3 అడుగుల లోతుకు దించకపోతే మొదటి వరదకే కోసుకుపోతుంది.

ఎక్కువగా తప్పు జరిగేది వాలు మూతి, అంటే చేప ఎక్కడం మొదలుపెట్టే కింది కొస దగ్గర. అది గోడకు 40 అడుగుల దిగువన తేలితే చేప దాన్ని గమనించకుండా దాటిపోయి, నీళ్ల హోరు ఉన్న గోడ మొదటికే చేరుతుంది. వాగు వెడల్పంతా వాలు వేస్తే మంచిది. డబ్బు చాలకపోతే ఒడ్డు వెంట మలుపు తిప్పి మూతిని గోడ కిందికే తేవాలి. వాలెక్కిన చేప గోడ దాటడానికి గోడలో అడుగున్నర వెడల్పు, అరడుగు లోతు గాడి కూడా కావాలి. అరడుగు నీరు పోతుందంటే ఆయకట్టు రైతు ఊరుకుంటాడా? పక్కల ఇనుప కమ్మీలు బిగించి చెక్కపలక దించే ఏర్పాటు చేస్తే, వరద తగ్గగానే మూసుకోవచ్చు.

కొరమేనుకు ఈ వాలుతో అంత పని లేదు. చెరువు అంచున మోకాలి లోతు నీళ్లు, తుంగ ఉంటే సరి. తుంగ నడుమ గుండ్రంగా చోటు చేసుకుని, నీటిపై తేలే తేనెరంగు గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లల గుంపు ఊపిరికి పైకి వచ్చిన చోట, కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపులోకి గాలం వేసి ఒక్క పెద్దచేపను లాగితే పిల్లలన్నీ జెల్లల పాలు. జేసీబీతో చెరువు అంచుల్ని నిలువునా చెక్కేసే పూడికతీత వల్ల ఈ గూళ్లకు చోటే లేకుండా పోతోంది. కట్టకు ఎదురు ఒడ్డున 10 అడుగుల పట్టీ తుంగ, జమ్ము వదిలేయాలి. గుర్రపుడెక్కను మాత్రం పీకాల్సిందే. వాగులోని లోతు మడుగులను కూడా చదును చేయకూడదు, ఎండాకాలం తల్లిచేపలు బతికేది వాటిలోనే.

ఉపాధి హామీ పనుల అంచనాల్లో రాతి వాలును ఒక పద్దుగా చేర్చాలని, కలుజు పారే రోజుల్లో గోడ కింద వలలు వేయకుండా పంచాయతీలు చూడాలని కోరుతున్నాం. వాలు కట్టాక వరద వచ్చిన ప్రతిసారీ సందుల్లో ఇరుక్కున్న చిల్లకంప, తాటిమట్టలు తీయించాలి. ఒక్క మట్ట అడ్డం పడినా పై వరుసకు నీళ్లు ఎగదన్ని 3 అంగుళాల దిగుడు కాస్తా అడుగవుతుంది.

— కొందరు పాఠకులు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా