పిల్లల కాగితాల ఫైలు గురించి

అందరికీ నమస్కారం. నిన్న ఒడిశాలోని మా పర్లాకిమిడి బజార్లో ఇద్దరు వదినలు పిల్లల కాగితాలు ఎలా దాచుకోవాలని అడిగారు, అందుకే రాస్తున్నా.

మావాణ్ని ఆరో తరగతికి శ్రీకాకుళంలో వేద్దామని వెళ్తే, జనన ధ్రువపత్రంలో 'వంశీ', ఇక్కడి బడి ఇచ్చిన టీసీలో 'బంశీ'. ఒడియాలో వ కాస్తా బ అయిపోతుంది కదా! ఆ ఒక్క అక్షరం కోసం పాతపట్నం మీదుగా మూడుసార్లు బస్సెక్కాను. ఏ కాగితం ఇచ్చినా కౌంటర్ దగ్గరే నిలబడి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు చూసుకోండి. వెనక వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీండి.

2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడానికి, ఆధార్‌కి జనన ధ్రువపత్రమే ఆధారం. రెండు మూడు కాపీలు తీసి పెట్టుకోండి. ఆధార్ బయోమెట్రిక్ (వేలిముద్రలు, కంటి గుర్తులు) పిల్లలకి అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఇంకోసారి మార్చాలి.

లామినేషన్ మాత్రం వద్దు. మా పెద్దమ్మాయి ఈసీజీ (గుండె పరీక్ష) కాగితం లామినేషన్ మిషన్లో పెట్టించా, బొగ్గులా నల్లగా బయటికొచ్చింది! అది వేడి తగిలితే నల్లబడే కాగితంట. ఊరికే ఉంచినా కొన్నేళ్లకి వెలిసిపోతుంది, రాగానే జెరాక్స్ తీయండి.

టీకా కార్డు అయిదేళ్లు దాటాక పారేయకండి, పదేళ్లకీ పదహారేళ్లకీ టీడీ సూది (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా) ఉంది.

ఫైలు బీరువా కింది అరలో వద్దు, వానల్లో చెమ్మ పడుతుంది. ఒడియా కాగితం చదవడం రాకపోతే నాకు విడిగా పంపండి. గ్రూపులో పెట్టకండమ్మా, ఆధార్ నంబర్లు ఉంటాయి.